పదకొండు దింపులు

1997 ఏప్రిల్. ముంచింగిపుట్టు దాటాక, ఒడిశా సరిహద్దుకి దగ్గర్లో ఒక చిన్న పశువైద్యశాలలో నేను డాక్టరుగా చేరి రెండో ఏడు నడుస్తోంది. రెండు గదులు, వెనక రేకుల షెడ్డు, ఎప్పుడూ చల్లబడని ఒక ఫ్రిజ్. నేను పుట్టింది విజయనగరం పక్క మైదానంలో. ఆ కొండల మధ్య నాకు కాలు నిలిచేది కాదు. ట్రాన్స్‌ఫర్‌కి అర్జీ పెట్టుకుని, జీపు చప్పుడు వినపడినప్పుడల్లా ఆర్డరు వచ్చిందేమోనని గుమ్మంలోకి వచ్చి నిలబడేవాణ్ణి. మా అటెండరు నన్ను చూసి నవ్వుకునేవాడని నాకు తెలుసు.

పశువుల డాక్టరంటే ఆవులకి సూదులు వేసేవాడనే చాలామంది అనుకుంటారు. అడవి జంతువు చచ్చి కేసైతే పోస్ట్‌మార్టం చేయవలసింది కూడా మేమే. ఎలా చచ్చింది, గాయం బతికుండగా తగిలిందా, చచ్చాక తగిలిందా అన్నది రాసి సంతకం పెట్టాలి. బతికుండగా తగిలిన గాయాన్ని యాంటీమార్టం గాయం అంటాం. దాని చుట్టూ కండలోకి నెత్తురు ఇంకి ఉంటుంది. చచ్చాక కోసిన చోట అలా ఉండదు, పొడిగా ఉంటుంది. చూడటానికి ఇంత చిన్న తేడా. దాని మీదే ఒక మనిషి జైలుకో ఇంటికో వెళ్తాడు.

ఆ రోజు మూడు గంటలకి వచ్చిన జీపు నా ఆర్డరు తేలేదు, ఒక కణుజుని, అంటే పెద్ద జాతి అడవి దుప్పిని, తెచ్చింది. కొమ్ములు లేని ఆడది, ఇంకా పూర్తిగా ఎదగనిది. నడుం దగ్గర రెండుగా కోసి ఉంది. దానితోపాటు చేతులు తువ్వాలుతో కట్టిన ఒక మనిషిని దింపారు. నలభై ఏళ్ళుంటాయి. బక్కగా ఉన్నాడు, కుడి మోకాలు వంగదు. పేరు బుద్రు. ఇరవై గడపల కొండ ఊరు అతనిది. ఊరి పొలిమేరలో, మధ్యాహ్నం ఒంటిగంటకి, రెండు ముక్కలూ పక్కన పెట్టుకుని కూర్చుని ఉండగా పట్టుకున్నారట.

ఫారెస్టరు చెడ్డవాడు కాదు. రెండు నెలలుగా సరిహద్దు అవతల నాటుతుపాకీ చప్పుళ్ళు వినపడుతున్నాయి, పైనుంచి రోజూ అక్షింతలు పడుతున్నాయి. అతనికి ఒక ముఠా కావాలి.

"డాక్టరు గారూ, ఈ బక్కోడు ఒక్కడూ మోసే బరువా ఇది? కనీసం నలుగురు ఉండాలని ఒక్క ముక్క రాయండి చాలు. పేర్లు నేను రాబడతాను" అన్నాడు.

రేపు సాయంత్రానికి బుద్రుని రిమాండుకి పంపాలి. ఆలోగా నా కాగితం కావాలి. ఆ ఒక్క ముక్క రాస్తే ఏమవుతుందో నాకు తెలియనిది కాదు. తెల్లారేసరికి జీపు ఆ ఊరికి వెళ్తుంది, ఎదురుపడ్డ నలుగురు మగాళ్ళు ఎక్కుతారు. విత్తనాలు చల్లే ముందు నెల అది.

షెడ్డులో పని మొదలుపెట్టాను. తొడల మీద, డొక్క మీద రేసుకుక్కల కాట్లు, అడవిలో గుంపుగా వేటాడే కుక్కలవి, ఉన్నాయి. వాటి చుట్టూ నెత్తురు ఇంకింది, అంటే బతికుండగానే కరిచాయి. వెనక తొడ కొంత తినేశాయి. నడుం దగ్గర కోత పొడిగా ఉంది. బాణం లేదు, తుపాకీ రవ్వ లేదు. రేసుకుక్కలు పడగొట్టిన జంతువుని ఇతను వాటి దగ్గర్నుంచి లాక్కున్నాడన్నమాట. చట్టప్రకారం అదీ నేరమే, కానీ జరిమానాతో పోయే నేరం. సంత నుంచి కాటా తెప్పించి తూచాను. తలకాయ ఉన్న సగం ముప్పై నాలుగు కిలోలు, తోక వైపు సగం ఇరవై అయిదు. పేగులు లేవు, గుండె కూడా లేదు.

పేగులేవని అడిగితే కుక్కలకి వదిలేశానని చెప్పాడు బుద్రు. వాటి వేట లాక్కున్నవాడు వాటి వాటా వాటికి వదలకపోతే మళ్ళీ అడవి ముఖం చూడలేడట. గుండె ఏమైందంటే మాత్రం గోడ వైపు చూశాడు. ఎంత దూరం నుంచి మోశావంటే "పదకొండు దింపులు" అన్నాడు.

దింపు అంటే బరువు దింపే చోటు. ఒకసారి ఎత్తుకున్నాక భుజం ఇక నా వల్ల కాదనేదాకా నడిచిన దూరం ఒక దింపు. ఎక్కుడులో పొట్టిది, దిగుడులో పొడుగుది. కొలబద్ద మనిషి భుజమే కాబట్టి మా ఫారెస్టరు మ్యాపులో అది ఎక్కదు. అతను నవ్వి, పదకొండు దింపులు ఈ కాలితో ఒక్కడివే మోశావా, ఎవడి చెవిలో పువ్వు పెడతావని అడిగాడు.

"సగం ముందరికి ఎట్టొచ్చి, ఎనక్కెల్లి రెండో సగం తెచ్చినాను బాబూ. అలాగ దింపుదింపుకీ" అన్నాడు బుద్రు.

అంటే ఒక దింపు దూరం మూడుసార్లు నడవాలి. బరువుతో ముందుకి, ఉత్త చేతుల్తో వెనక్కి, మళ్ళీ బరువుతో ముందుకి. ఒంటరి వేటగాళ్ళు పెద్ద జంతువుని అడవి దాటించే పద్ధతి అదేనని మా అటెండరు కూడా అన్నాడు. చోటు చూడకుండా నేను ఏదీ రాయనని ఫారెస్టరుకి చెప్పాను. అది ధర్మబుద్ధి అని చెప్పుకోను. కూర్చుని ఆ కాగితం వైపు చూస్తూ ఉండలేకపోయాను, అంతే.

మర్నాడు ఆరింటికి బుద్రు, ఒక ఫారెస్టు గార్డు, నేను బయల్దేరి, అతని ఊరి పొలిమేర దాకా జీపులో వెళ్ళి నడక మొదలుపెట్టాం. గార్డు శ్రీకాకుళం వైపు మనిషి, నడకంటే చిరాకు. "ఏటి డాట్రుగారూ, సచ్చిన దానికోసం ఇంత నడకా" అని అడుగడుక్కీ గొణిగేవాడు. బుద్రు ఆ బిగుసుకున్న కాలు ఈడుస్తూనే మా ఇద్దరికంటే ముందుండేవాడు. నేను గంటలో నాలుగుసార్లు వాచీ చూసుకున్నాను.

దారిలో మాటలు పెట్టాను. చైత్రంలో వాళ్ళకి ఇటుకల పండగ, అంటే విత్తనాలు చల్లే ముందు చేసే వేట పండగ. మగాళ్ళంతా రోజూ వేటకి వెళ్తారు. ఉత్త చేతుల్తో వస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేస్తారు. ఆ ఏడు నాలుగు రోజులైనా ఒక్క కుందేలు దొరకలేదట. బుద్రు కాలు చెట్టు మీంచి పడి పోయింది కాబట్టి అతన్ని వేటకి పిలవడం మానేసి మూడేళ్ళయింది. విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కోసుకుందామని నిన్న అంబలి తాగి, ఎండ పడ్డాక ఇంటి దగ్గర బయల్దేరాడట. అడవిలో రేసుకుక్కలు ఈల వేసినట్టు అరవడం వినపడింది.

ఎండ పడ్డాక. ఆ మాట దగ్గర నా బుర్ర లెక్క మొదలుపెట్టింది, వద్దన్నా ఆగలేదు. ఏడింటికి బయల్దేరినా అక్కడికి చేరేసరికి తొమ్మిదిన్నర. తిరిగి ఆ బరువుతో, మూడింతల నడకతో అయితే ఇల్లు చేరేసరికి చీకటి పడాలి. ఇతను దొరికింది ఒంటిగంటకి. కాళ్ళు రెండూ బాగున్న మనిషికైనా సాధ్యం కాదు. రెండో మనిషి ఉన్నాడు. ఫారెస్టరు మాట నిజం కాబోతోంది.

ఆ ఊళ్ళో వేటమాంసం నేల తాకకూడదని కట్టు. అందుకని ప్రతి దింపు దగ్గరా ఆకులు పరిచి బరువు దింపుతారు. మేము ఎదురుదిక్కున పోతున్నాం కాబట్టి ఆఖరి దింపు ముందొచ్చింది. నెత్తురు మరకలతో వాడిన ఆకులు, పక్కపక్కనే రెండు పరుపులు. రెండు ముక్కలకి రెండు, సరే. ఆ తర్వాత గెడ్డ, అంటే కొండవాగు, దాటి, మామిడిచెట్టు కింద కాస్త పెద్ద విశ్రాంతి తీసుకున్న చోటొకటి వచ్చింది. అక్కడ కూడా రెండే. ఒకటి ఇష్టమొచ్చినట్టు విరిచి పడేసిన కొమ్మరెమ్మలు. రెండోది అడ్డాకులు ఒకదాని మీదొకటి అంచు కలిపి, సన్నటి పుల్లలతో కుట్టినది.

నేను వంగి చూశాను. ప్రతి వారం సంతలో విస్తరాకుల కట్ట కొనేవాణ్ణి కాబట్టి ఆ కుట్టు నాకు తెలుసు. ఆ కొండల్లో ఆకులు కోసేది ఎవరైనా, కుట్టేది ఆడవాళ్ళు. ఊపిరి తీసుకోవడానికి ఆగిన కాసేపట్లో కూడా చేతులు ఊరుకోలేదు. నెత్తుటి ముక్క కింద పరిచే ఆకుల్ని విస్తరి కుట్టినంత పొందికగా కుట్టి పెట్టింది ఆవిడ. తనకే తెలియకుండా చేసి ఉంటుంది.

తల ఎత్తేసరికి బుద్రు నన్నే చూస్తున్నాడు. నిన్న చేతులు కట్టినప్పుడు కూడా లేని భయం ఆ ముఖంలో ఉంది. గార్డు గెడ్డలోకి దిగి ముఖం కడుక్కుంటున్నాడు.

"మా ఆడది, సొంబారి" అన్నాడు బుద్రు గొంతు తగ్గించి. "ఆకులకి ఇద్దరం వొచ్చినాం. ఊరి కాడకొచ్చినాక అది ముందే ఇంటికెల్లిపోనాది. దిసారి పూజ సేసిందాకా వేటని ఆడది ముట్టకూడదు. గుండెకాయ నిన్ననే పొలిమేరలో దిసారికి ఇచ్చేసినాను, ఊరి ఇత్తనాల్లో ఈపాటికి కలిపేసుంటారు. ఇప్పుడు ఇది తెలిస్తే ఆ ఇత్తనాలు సల్లరు బాబూ. జైలుకయితే నానొక్కణ్ణే ఎల్తాను. ఇత్తనాలు సెడితే ఊరంతా పస్తే."

ఇరవై గడపల విత్తనాలవి: చోళ్ళు, సామలు, కందులు. దిసారంటే వాళ్ళకి పూజారీ, పంచాంగమూ ఆయనే. ఆయన కాదంటే గింజ నేల మీద పడదు. ఆ కట్టు మంచిదా కాదా అని నా అభిప్రాయం నాకుంది, దాన్ని ఆ గెడ్డ గట్టున విప్పి ప్రయోజనం లేదు. నా భయం ఒకటే. రెండో మనిషి ఉన్నట్టు తేలితే ఫారెస్టరు నలుగుర్ని పట్టుకుంటాడు. ఆ రెండో మనిషి ఎవరో తేలితే ఊరే పట్టుకుంటుంది.

కూర్చుని బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తూ పుల్లలన్నీ లాగి జేబులో వేసుకున్నాను. ఆకులు చెదరగొట్టాను. తర్వాత ఇంకో మూడు చోట్ల అదే పని. గార్డు నాకు బూట్లు కట్టుకోవడం రాదని అనుకుని ఉంటాడు.

కణుజు పడ్డ చోట ఇసకలో కుక్కల అడుగులున్నాయి, పేగుల అవశేషాలున్నాయి, వెంట్రుకలున్నాయి. మనిషి ఆయుధం జాడ లేదు. చూసిందంతా రాసుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చేసరికి ఫారెస్టరు నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కుక్కలే చంపాయని చెప్పాను. ఒప్పుకున్నాడు. ఒక్కడే మోయగలడా అన్నాడు. దఫదఫాలుగా మోస్తే మోయగలడన్నాను. అంతవరకూ నేను అబద్ధం చెప్పలేదు. అతను తెలివైనవాడు, నాకు తట్టిన లెక్క అతనికీ తట్టింది.

"ఏ వేళప్పుడు బయల్దేరావురా నువ్వు?" అని బుద్రుని అడిగాడు.

బుద్రు నోరు తెరిచాడు. అతనికి వాచీ లేదు, నా బుర్రలో నడిచిన లెక్కా తెలియదు. ఎండ పడ్డాక అని నిజం చెప్పేసేవాడే.

"తొలికోడి కూయకముందేనట" అన్నాను నేను.

గార్డు నా వైపు చూశాడు. దారిలో ఆ మాట అతనూ విన్నాడో, గొణుక్కోవడంలో పడి వినలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఫారెస్టరు తల ఊపి కాగితం తీసుకున్నాడు. అందులో 'ఒక పురుషుడు ఒంటరిగా, దఫదఫాలుగా మోయుట సాధ్యము' అన్న వాక్యం ఉంది. జేబులో పుల్లలు తొడకి గుచ్చుకుంటున్నాయి.

జరిమానాతో కేసు ముగిసి, నాలుగో రోజున బుద్రు ఊరికి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం వారాల తరబడి నిద్ర పట్టలేదు. గార్డు కనిపిస్తే పక్కకి తప్పుకునేవాణ్ణి. ఆ ఏడు వానలు వేళకి పడ్డాయి. ఆ ఊరి మీదుగా వెళ్ళినప్పుడు కొండవాలున చోళ్ళ చేలు పచ్చగా కనిపించాయి. అప్పుడు కాస్త ఊపిరి ఆడింది. మంచిపనే చేశానని, ఒక ఆడమనిషిని కాపాడానని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

ఆ మురిపెం 2003 దాకా నిలిచింది. ట్రాన్స్‌ఫర్ ఆర్డరు ఎట్టకేలకి వచ్చి సామాన్లు కట్టుకుంటున్న వారం, ఒక ఆడమనిషి ఈనలేక అవస్థ పడుతున్న మేకని భుజాన వేసుకుని వచ్చింది. పిల్ల అడ్డం తిరిగింది. సరిచేసి బయటికి తీశాను. తల్లీ పిల్లా బతికాయి. చేతులు కడుక్కుంటుంటే తను సొంబారినని, బుద్రు ఇంటిదాన్నని చెప్పింది. పొట్టి మనిషి, ఎడమ భుజం కాస్త కిందికి దిగి ఉంది.

బుద్రు ఎలా ఉన్నాడని అడిగాను. బాగానే ఉన్నాడంది. ఆ ఏటి నుంచి ఊళ్ళో అతన్ని వేటగాడు అంటారట. కుంటికాలితో కణుజుని ఒక్కడే పదకొండు దింపులు మోశాడని పండగకి పండగకి చెప్పుకుంటారట. అతని మీద మళ్ళీ ఎవరూ పేడనీళ్ళు చల్లలేదట.

"కాయితంలో నువ్వూ అలాగే రాసినావట కదా బాబూ" అంది.

నీ మంచికే అన్నాను. నా గొంతులో కొంచెం గొప్ప కూడా ఉండి ఉంటుంది.

"మంచికేలే. నాను కాదన్నానా" అంది మేకపిల్లని కొంగుతో తుడుస్తూ. తలుపు వైపు ఒకసారి చూసి, షెడ్డులో ఎవరూ లేరని చూసుకుని అంది: "ఆరేళ్ళయినాది, నోరు ఇప్పలేదు. నీకొక్కడికైనా తెలియాల. తలకాయున్న సగం నాది."

నాకు కాటా గుర్తొచ్చింది. అతని భుజాన ఇరవై అయిదు కిలోలు, ఆమె భుజాన ముప్పై నాలుగు. తూచింది నేనే, రాసింది నేనే. ఆ పుల్లలు చూశాక కూడా, ఏ సగం ఎవరు మోశారన్న ప్రశ్న ఆరేళ్ళలో ఒక్కసారి నాకు రాలేదు. ఆమెని కాపాడానని అనుకున్నానే గాని, ఆమె మోసిందన్న సంగతి మొత్తం మింగేశానని అనుకోలేదు. ఆ తర్వాత పదేళ్ళ సర్వీసులో, పశువుని తోలుకొచ్చిన మగమనిషి నేనే తెచ్చాను అంటే, నీతో ఇంకెవరొచ్చారని అడగడం అలవాటు చేసుకున్నాను. రోగం ఎప్పుడు మొదలైందో, మేత ఎప్పుడు మానిందో చెప్పగలిగేది సాధారణంగా ఆ ఇంకెవరే.

ఆ రోజు మాత్రం సిగ్గుపడుతూ నాకు తెలిసిన ఒకే ఒక్క నిజం చెప్పాను. నీ సగం ముప్పై నాలుగు కిలోలు తూగిందమ్మా, అన్నాను.

సొంబారి మేకని మళ్ళీ భుజానికెత్తుకుని, పిల్లని చంకలో పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"అంతేనా? ఆ కాటా మంచిది కాదు బాబూ" అంది.