తవ్విన నేల మీద ఫిరంగి నడవదు

1979 నవంబరు పదకొండు, ఆదివారం. పొద్దున సరిగ్గా పదకొండు గంటలకు, అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్లో, పక్కింటాయన పచ్చికలో నడుములోతు గుంతలో పార పట్టుకుని ఉండగా నేను దొరికిపోయాను. సమయం ఇంత కచ్చితంగా చెప్పడానికి కారణం ఉంది. ఆయన చర్చి నుంచి వచ్చి కారు దిగాడు. నన్ను చూశాడు. చేతి గడియారం చూసుకున్నాడు. టోపీ తీసి గుండెల మీద పెట్టుకుని, తల వంచి, కదలకుండా నిలబడిపోయాడు. గోతిలో ఉన్న నన్ను చూసి అప్పుడే పోయాననుకున్నాడేమోనని నాకు ఒళ్లు మండింది.

మట్టి పని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వచ్చు. కాలవలు తవ్వాను, బావులు తవ్వాను, చెరువుల్లో పూడిక తీశాను. అక్షరాలు మాత్రం నలభయ్యో ఏట మా అమ్మాయి ఒకటో తరగతి పలక మీద, దాని చేత మొట్టికాయలు తింటూ నేర్చుకున్నాను. ఆ పిల్లే తర్వాత హిస్టరీ ఎం.ఏ. చేసింది. పెళ్లయి ఈ దేశం వచ్చాక రెండేళ్లుగా ఒక స్టోర్లో, జనం తొడిగి చూసి విసిరేసిన చొక్కాలు మడతపెడుతోంది. అంత చదువు చదివినదాన్ని అలా చూడడం నావల్ల కాలేదు. చివరికి ఒక స్కూలువాళ్లు పిలిచారు. సోమవారం సెలవు, మంగళవారం డెమో క్లాసు. పిల్లలకు పాఠం చెబుతుంటే ప్రిన్సిపాలు వెనక కూర్చుని చూస్తుంది. నచ్చితే ఉద్యోగం. లేకపోతే మళ్లీ చొక్కాలు.

ఇచ్చిన పాఠం మొదటి ప్రపంచ యుద్ధం. రెండు సైన్యాలూ కందకాలు తవ్వుకుని ఎదురెదురుగా కూర్చుని నాలుగేళ్లు కదలకుండా ఉండిపోయాయే, ఆ చిక్కుముడి ఎలా విడిందో చెప్పాలి. శనివారం సాయంత్రం వంటింట్లో నాకు అప్పజెప్పింది. అయిదు కారణాలు, వేళ్లు మడిచి చెప్పింది.

"చప్పగా ఉందే," అన్నాను.

"ఏం చప్పగా ఉంది నాన్నా?"

"ట్యాంకులొచ్చాయంటావు, అమెరికావాళ్లొచ్చారంటావు. వచ్చి ఏంజేశారు? నాలుగేళ్లు కదలంది అప్పుడెట్టా కదిలింది?"

"బుక్‌లో అంతే ఉంది."

"కందకం ఎప్పుడన్నా చూశావా నువ్వు?"

చూడలేదు. చూడనిదాన్ని పిల్లలకు ఏం చూపిస్తుంది? మర్నాడు ఏడింటికి అదీ మా అల్లుడూ బట్టల మూటలతో లాండ్రీకి వెళ్లగానే గరాజులోంచి పార తీశాను. ఇక్కడ ఇళ్ల మధ్య గట్టు ఉండదు, కంచె ఉండదు, హద్దురాయి ఉండదు. వెనక గుమ్మం దిగితే పచ్చిక అలా పోతూనే ఉంటుంది. మట్టి మెత్తగా తగిలినచోట మొదలుపెట్టాను. గడ్డిని చాపల్లా కోసి పక్కన పేర్చాను. మూడు గజాల పొడవు, గజం వెడల్పు, తాడు కట్టినట్టు తిన్నగా తవ్వాను. మధ్యలో అలవాటు కొద్దీ ఒక సన్నటి మట్టిదిమ్మను తవ్వకుండా వదిలేశాను. గుంత ఎంత లోతు తవ్వామో మేస్త్రీ వచ్చి కొలుచుకోవడానికి మేం అలా వదులుతాం.

ఇప్పుడు ఆ గుంతలోనే దొరికిపోయాను. ముసలాయన టోపీ మళ్లీ పెట్టుకునేసరికి మావాళ్ల కారు వచ్చింది. అల్లుడు బట్టల మూటతోనే పరిగెత్తుకొచ్చాడు.

"మావయ్యా! ఏం చేశారు మావయ్యా! అది మన యార్డ్ కాదు!"

"గట్టేదీ మరి?"

"గట్లుండవిక్కడ!"

"గట్టు లేకపోతే ఎవరిదెంతో ఎట్టా తెలుస్తుందయ్యా?"

"ఆయన గ్రాస్ కట్ చేసేటప్పుడు చూడలేదా? కత్తెరతో చేస్తాడు మావయ్యా, కత్తెరతో! స్యూ చేస్తాడు, కోర్టుకీడుస్తాడు మనల్ని!"

అదీ నిజమే. ఆ ఇంట్లో చేరిన రెండేళ్లలో ఆయన మాకు ఒక్క హలో అయినా చెప్పలేదు. మా అమ్మాయి అప్పటికే ఇంగ్లీషులో సారీల మీద సారీలు చెబుతోంది. ఆయన దాని మాట వినిపించుకోకుండా గుంత అంచుకు వచ్చి, ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, ఏదో అన్నాడు. దాని ముఖం మారింది.

"ఏమంటాడే?"

"కందకం ఎవడైనా తిన్నగా తవ్వుతాడా అంటున్నాడు నాన్నా."

"కాలవ తిన్నగానే తవ్వుతారని చెప్పు."

చెప్పింది. ఆయన నవ్వాడు. కాలవలో నీళ్లు పోతాయి, కందకంలో తూటాలు పోతాయి అన్నాడట. వంకర్లు తిప్పకపోతే ఒక్క తుపాకీతో ఈ కొస నుంచి ఆ కొసదాకా ఊడ్చేస్తారు. మీకెలా తెలుసని మా అమ్మాయి అడిగింది. పద్దెనిమిదో ఏట ఫ్రాన్సులో ఉన్నాడట. ఆ యుద్ధం ఆగింది కూడా ఇదే రోజు, పదకొండు గంటలకేనట. టోపీ సంగతి నాకు అప్పుడర్థమైంది. మనసులో తిట్టుకున్నందుకు సిగ్గుపడ్డాను.

మా అమ్మాయి మంగళవారం సంగతంతా చెప్పేసింది. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, చర్చికి వేసుకున్న నల్ల కోటుతోనే గుంతలోకి దిగబోయాడు. ఆయన భార్య వంటింటి స్టూలు పట్టుకొచ్చి లోపల వేసింది. "ఆ కోటు మళ్లీ నేను ఉతకను, తెలిసిందా!" అని అరుస్తూనే ఆయన మోచెయ్యి పట్టుకుని దింపింది. ఎనభైకి దగ్గరపడిన మనిషి, నడుములోతు గుంతలోకి, పక్కింటి పిల్ల ఉద్యోగం కోసం దిగాడు. అలాంటివాణ్ణి నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

మా అమ్మాయి తెలుగు చేసి చెబుతుంటే విన్నాను. ఎదుటివాడి కందకంలోకి దూకడం పెద్ద కష్టం కాదన్నాడు. చాలాసార్లు దూకారు. దూకాక ముందుకు పోవడం చాతకాలేదు.

"ఎందుకు?" అంది మా అమ్మాయి.

ఆయన చెప్పేలోపు నేనే అన్నాను. "తవ్విన నేల మీద బండి నడుస్తుందా పిచ్చిదానా? గుల్లయిన మట్టి, దాని మీద వాన. ఫిరంగి లాగబోతే ఇరుసుదాకా దిగబడుతుంది."

అది ఇంగ్లీషులో విన్నాక ఆయన నా వైపు వేలు చూపించి, "అదే, అదే!" అన్నాడు. ముందున్నవాళ్లకు ఫిరంగి రాదు, తిండి రాదు, నీళ్లు రావు. వెనక్కి తగ్గినవాడికి మాత్రం రైల్లో కొత్త జనం దిగుతారు. మళ్లీ మొదటికొస్తుంది. ఆయన పని గుండ్లు పడి గుల్లయిన ఆ నేల మీద చెక్కలు పరిచి ఫిరంగులకు బాట వెయ్యడమట. ఆ మాట విన్నాక ఆయన నాకు ఇక దొరలా అనిపించలేదు. ఆయనా మట్టి పనివాడే.

తర్వాత నేను వదిలిన దిమ్మ మీద చెయ్యి వేశాడు. "ఇది మెషిన్ గన్ అనుకోండి. నాలుగేళ్లు దీనికే ఎదురు పరిగెత్తి చచ్చారు. చివర్లో తెలివొచ్చింది. దీన్ని వదిలేసి ఇటూ అటూ దూరి పోవడం, దీని పని వెనకొచ్చేవాళ్లకు అప్పగించడం." చెబుతూ పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని, దిమ్మ తగలకుండా అవతలికి దూరాడు. "రెండోది, అత్యాశ మానేశారు. బాట అందినంత దూరమే పోయి ఆగడం. రేపు ఇంకోచోట కొట్టడం. ఎల్లుండి మరోచోట. వాడి కొత్త జనం ఎక్కడికని పరిగెత్తుతారు? అప్పటికే ఆకలితో ఉన్నారు."

"మరి ట్యాంకులు? మీ అమెరికావాళ్లు?"

"ట్యాంకులు పనికొచ్చాయి, సగం దారిలో చెడిపోయేవి. మేం చివర్లో వచ్చాం, కడుపునిండి వచ్చాం, లక్షల్లో వచ్చాం. ఇక గెలవలేమని అవతలివాడికి మమ్మల్ని చూసి తెలిసింది. కానీ పని నేర్చుకున్న ఫ్రెంచివాళ్లు, ఇంగ్లీషువాళ్లు మాకన్నా ముందే ఉన్నారక్కడ. వాళ్ల పేరు కొట్టేసి మా పేరు రాయకు."

గెలిచిన దేశపువాడు తన గొప్ప తనే తగ్గించి చెప్పడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

స్టూలెక్కి బయటికి వచ్చాక ఆయన మా అమ్మాయిని లోపలికి దిగమన్నాడు. ఇప్పుడు నువ్వు చెప్పు, నేను పిల్లాణ్ణి అన్నాడు. అది చీర కుచ్చిళ్లు దోపి దిగింది. వేళ్లు మడవలేదు. మట్టి పట్టుకుని చెప్పింది. ఆయన మొండి పిల్లాడిలా అడ్డొచ్చాడు. "కందకం దాటేశాంగా, ఇంక పరిగెత్తడమేగా టీచర్?" అది తడుముకోకుండా గుల్ల మట్టి గుప్పెడు తీసి ఆయన తెల్ల అరచేతిలో పెట్టి, "దీని మీద నీ సైకిలు తొక్కు, చూస్తాను," అంది. మా అల్లుడు స్యూ సంగతి మరిచిపోయి, మూట చంకలో ఇరికించుకునే చప్పట్లు కొట్టాడు.

సాయంత్రంలోపు గుంత పూడ్చి, చాపల్లా కోసిన గడ్డిని మళ్లీ పరిచాను. మంగళవారం అది బేకింగ్ ట్రేలో మట్టి పోసుకుని స్కూలుకు పోయింది. శుక్రవారం ఫోనొచ్చింది, ఉద్యోగం ఇచ్చారు. ఇదంతా ఏ పుస్తకంలో చదివావని ప్రిన్సిపాలు అడిగిందట. పుస్తకం కాదు, మనుషులు అని చెప్పి, ఎవరెవరో వరసగా చెప్పిందట. నేనూ అలాగే రాస్తున్నాను. ఆ పొద్దున ఆ గుంత దగ్గర ఉన్నది బాటలు వేసిన పక్కింటి పెద్దాయన, స్టూలు తెచ్చిన ఆయన ఇల్లాలు, బట్టల మూట కిందపెట్టడం మరిచిపోయి నిలబడ్డ మా అల్లుడు, మోకాళ్లదాకా మట్టితో మా అమ్మాయి, పార పట్టుకుని నేను.