పసుపు బొట్టు తూటాలు

చింతపండు గుజ్జు పెట్టి ఇత్తడిని తోమితే ఒక వాసన వస్తుంది. పులుపూ లోహమూ కలిసి ముక్కులోంచి మెల్లగా నాలుక మీదికి దిగే వాసన. ఈ పరాయి దేశంలో, పుంగ్గోల్‌లో మా అమ్మాయి సునీత ఫ్లాట్‌లో దసరా ముందు రోజు దీపపు కుందులు తోమేటప్పుడు వంటగదంతా అదే కమ్ముకుంటుంది. ఇంట్లో వాళ్ళకది పండగ వాసన. నాకు మాత్రం తూటాల వాసన. నా చేతులు మొట్టమొదట తోమింది దీపాలు కాదు, పేలిపోయిన తూటాల ఇత్తడి గుల్లలు.

పోయిన దసరాకి సునీత ఇంట్లో ఆయుధ పూజ చేసింది. హాల్లో ల్యాప్‌టాపులు, కుక్కరు, మనవరాలు ఆద్య స్కూటరు వరసగా పెట్టి అన్నిటికీ పసుపూ కుంకుమా బొట్లు పెట్టింది. భోజనానికి ప్రతాప్ అనే అతన్ని పిలిచింది. బ్యాంకులో పెద్ద ఉద్యోగం, మా జిల్లావాడు. అతను ఏ ఇంటివాడో నాకు ఓళిగలు, అదే బొబ్బట్లు, వడ్డిస్తుండగా గానీ తెలియలేదు.

"ఆస్ట్రేలియాలో మా ఫ్రెండ్‌కి ఫామ్ ఉంది ఆంటీ. కుందేళ్ళు పంటంతా తినేస్తాయి, లీవ్ దొరికితే వెళ్ళి షూట్ చేస్తాం. అసలు కష్టమంతా తూటా ఎంచుకోవడంలోనే. పెద్దదైతే చుట్టుపక్కలంతా గోల. చిన్నది, నెమ్మదిగా పోయేది వేస్తే టప్‌మంటుంది, అంతే. పక్కనున్న కుందేలు తల కూడా ఎత్తదు." ఓళిగ మీద నెయ్యి వేయించుకుంటూ నవ్వాడు. "మా తాతగారి దగ్గర ఒక కావలివాడు ఉండేవాడంట. చదువు లేదు. కుందేలు తూటాకీ పంది తూటాకీ తేడా తెలీక పేల్చి కన్ను పోగొట్టుకున్నాడు. మా ఇంట్లో ఫేమస్ జోక్ అది."

అందరూ నవ్వారు. సునీత కూడా నవ్వింది. దాని తప్పేం లేదు. తాతయ్య కన్ను తుమ్మముల్లు గుచ్చుకుని పోయిందనే దానికి తెలుసు. అలా చెప్పమన్నది మా నాయనే.

ఆ కావలివాడు మా నాయన.

మాది చెనిక్కాయ, అంటే వేరుశనగ, పండే ఊరు. తొలకరి పడితే ఎర్రమట్టి వాసన ఇంట్లో కుండల దాకా వచ్చేది, విత్తనం వేసిన చేను మీద చినుకు పడాలని ఊరంతా మెడలెత్తి మబ్బుల్ని చూసేది, కాయ ఊరే రోజుల్లో పిల్లలందరం జేబుల నిండా, కొంగుల నిండా పచ్చికాయలు పీక్కుని నీళ్ళు పారే మడవల్లో కడుక్కుని తినేవాళ్ళం, సాయంత్రం పెద్ద డేక్సాలో ఉప్పేసి ఉడకబెట్టిన కాయల ఆవిరి ప్రతి వాకిట్లోంచీ లేచేది. మాతోపాటు తినేవి చెవులపిల్లులు. కుందేళ్ళని మా వైపు అలాగే అంటారు. పొద్దు వాలుతుండగా గుట్ట మీంచి దిగి, మొలకల్ని కత్తెరతో కోసినట్టు కొరికి పారేసేవి. చేలన్నీ దొరవి, అంటే ఈ ప్రతాప్ తాతవి. వాటికి కావలి మా నాయన.

దొర దగ్గర రెండు తుపాకులుండేవి. కొత్తది అడవిపందుల కోసం దొరే పట్టేవాడు. పాతది నాయన చేతికిచ్చాడు. దాని వెనకభాగం అరిగి, మూత గట్టిగా పడేది కాదు. పంటకి చేటు రాకూడదు, చప్పుడూ రాకూడదు అని దొర ఆజ్ఞ. ఆయన తల్లి మంచాన పడి ఉండేది, పెద్ద మోత వింటే ఉలిక్కిపడి ఏడ్చేది. అందుకని దొర పట్నం నుంచి రకరకాల తూటాలు తెప్పించాడు, ఒక వేసవంతా నాయన వాటిని పేల్చి చూశాడు. అన్నిటికంటే చిన్నది మెత్తగానే పేలేది, కానీ పేలాక గుల్లని పారేయాల్సిందే, మళ్ళీ నింపడానికి లేదు. పెద్దది వేస్తే గుట్ట అవతల ఊరికి వినబడేది, చెవులపిల్లులన్నీ ఒక్కసారిగా మాయమయ్యేవి. చివరికి నడిమిది కుదిరింది. రెండు తుపాకులకీ పట్టేది, గుల్ల తిరిగి నింపుకోవచ్చు. దాంట్లో మందు తగ్గించి పోస్తే ఎండిన కందికట్టె విరిచినంత చప్పుడే. "ఒకటి పడితే పక్కది చెవులెత్తి చూసి, మళ్ళా మేస్తాదమ్మా" అని నాయన చెప్పుకుని మురిసేవాడు.

ఆ గుల్లలు తోమే పని నాది. మసి పోయేదాకా చింతపండుతో రుద్దాలి, బూడిదతో రుద్దాలి, ఎండలో గోనెపట్టా మీద ఆరబెట్టాలి. తర్వాత నాయన పక్కన కూర్చుని, ఆయన వెదురుతో చెక్కుకున్న చిన్న చెంచాతో మందు కొలిచి అందించాలి. సన్నవేళ్ళకే ఆ పని సాగేది. బడి మా ఇంటికి ఎదురుగానే ఉండేది. పలకలు కడిగిన నీళ్ళు మా వాకిట్లోకే పారేవి. అయ్యవారు ఒకసారి వచ్చి పిల్లని పంపమని అడిగితే, నాయన దొరని అడిగాడు. దొర పళ్ళు కుట్టుకుంటూ, "దీనికి బడెందుకురా, వేళ్ళు బంగారంలా పనిచేస్తుండాయి" అన్నాడు. అంతటితో నా చదువు అయిపోయింది. బంగారమట! అరవై దాటాక, ఇక్కడ ఆద్యకి పెద్దబాలశిక్ష చెప్పిస్తుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్న ఈ వేళ్ళ గురించే ఆయన అన్న మాట అది.

నింపిన తూటాలన్నీ చూడడానికి ఒక్కలాగే ఉండేవి. తక్కువ మందువి పాత తుపాకీకి, నిండు మందువి దొర తుపాకీకి. నిండు మందుని పాత తుపాకీ తట్టుకోలేదు. కలిసిపోకుండా మా అమ్మ ఒక గుర్తు పెట్టింది. కుందేలు తూటా అడుగున పసుపు బొట్టు, పంది తూటా అడుగున కుంకుమ బొట్టు. చదువుకున్న ఆ దొర మేడలో ఒక్కరైనా పెట్టె మీద ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. పసుపూ కుంకుమలతోనే పని నడిచింది.

దసరా వచ్చింది. మేడ ముందు ముగ్గులు, గుమ్మడికాయలు, పళ్ళేల నిండా బొరుగులూ బెల్లమూ, గానుగనూనెలో వేగుతున్న వడల వాసన, ఎద్దుల కొమ్ములకి రంగులు. తుపాకులు రెండూ ఎర్రటి బట్ట మీద పెట్టి, తూటాల పెట్టెలు రెండూ ఒకే పళ్ళెంలో దిమ్మరించారు. దొరసానమ్మ వచ్చి, పండగపూట ఒక్కో దానికి ఒక్కో బొట్టేమిటని, అన్నిటికీ పసుపూ కుంకుమా రెండూ పెట్టడం మొదలుపెట్టింది. నేను గడప అవతల నిలబడి అరిచాను.

"అమ్మగారూ, పెట్టొద్దు! అది గుర్తు!"

"నోరు ముయ్యి. దేవుడి దగ్గర గుర్తులేంది?"

అమ్మ నా చెయ్యి పట్టి వెనక్కి లాగింది.

మర్నాడు నాయన దొర దగ్గరికి వెళ్ళి తూటాలన్నీ విప్పి మళ్ళీ కొలుస్తానన్నాడు. ఒక రోజు పడుతుందన్నాడు. అప్పటికే చేలో చెవులపిల్లులు దిగాయి. దొర పళ్ళెంలోంచి గుప్పెడు తీసి నాయన చేతిలో పోశాడు. "ఇవి పసుపువే. నేను చూసినా గదరా. పో."

నాయనకి అవునో కాదో తెలియదు. తెలియదని దొర ముందు అనడానికి నోరు రాదు. పొద్దుగూకుతుండగా చేనుగట్టు మీద నాయన తుపాకీ చెంపకి ఆనించుకున్నాడు. కందికట్టె విరిగిన చప్పుడు కోసం నేను గుడిసె ముందు చెవి పెట్టుకుని ఉన్నాను. గుట్ట బద్దలైనట్టు మోగింది. మేడలోంచి ముసలామె ఏడుపు వినబడింది. ఆ తర్వాత మా అమ్మ ఏడుపు. అరిగిన మూత ఊడి వెనక్కి వచ్చి, నాయన కుడికన్ను తీసుకుపోయింది.

మంచం మీద మోసుకెళ్తుంటే దొర అరుగు మీద నిలబడి అన్నాడు, "అక్షరమ్ముక్క రానోడి చేతికి తుపాకీ ఇయ్యడం నా తప్పు." అందరూ విన్నారు. ఆ మాటే ఊళ్ళో నిలిచింది. ఆ మాటే సముద్రం దాటి వచ్చి, మా అమ్మాయి ఇంట్లో, నేను చేసిన ఓళిగ తింటూ నవ్వింది.

నెయ్యి గిన్నె కింద పెట్టి అంతా చెప్పాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆద్య బెదిరిపోయి, ఇక్కడి పిల్లల యాసలో "అమ్మమ్మా, రిలాక్స్ లా" అంది. ఇన్నేళ్ళూ రిలాక్స్ అయ్యే ఉన్నానే, ఇంక చాలన్నాను. సునీత కుర్చీలోంచి లేచి నా పక్కకి వచ్చి నిలబడింది. కావలివాడికి ఒక పేరుంది, ఓబులేసు అని చెప్పాను. ఆ పేరు ప్రతాప్ చేత పలికించాను.

"సారీ ఆంటీ. మా ఇంట్లో ఇలా చెప్పలేదు" అన్నాడు. మొహం నిజంగానే చిన్నబోయింది. పాపం అనుకోబోయాను. చెయ్యి కడుక్కుని వచ్చి, మెల్లగా అడిగాడు. "కానీ ఆంటీ, అంత పాత తుపాకీ అంత మెత్తగా ఎలా పేలేది? మందు ఎంత పోసేవాళ్ళు?"

సునీత "ప్రతాప్!" అంది.

ఆ చేలల్లో ఇప్పుడు సోలార్ పలకలు పరిచారట. చెనిక్కాయ లేదు, మేడ కూలిపోయింది, గుట్ట మీంచి దిగే చెవులపిల్లులూ లేవు, నాయన వెదురు చెంచా ఎప్పుడో పొయ్యిలో కాలిపోయింది. ఆ చెంచాలో ఎంతదాకా పోయాలో తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. చిటికెన వేలు గోరు మీద గీత పెట్టి ఇప్పుడైనా చూపించగలను.

అతనికి చెప్పలేదు. ఇంత రాశాను గానీ, అది ఇక్కడ కూడా రాయను.