ఎడమచేతి నిశాని

కోవిడ్ తగ్గిన మరుసటి సెప్టెంబరులో, కెనడాలో, గ్వెల్ఫ్‌లోని ఒక గ్రంథాలయంలో పాత పత్రాల సంరక్షకురాలిగా రిటైరయ్యే ముందు నాకు చివరి పని అప్పగించారు. ఒక దాత ఇచ్చిన పెట్టెడు అర్జీలు. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో, యుద్ధంలో అవిటివాళ్లయిన సిపాయిలు పింఛను కోసం న్యాయాధికారులకు పెట్టుకున్నవి. గాయం చూపించాలి, కెప్టెన్ ధ్రువపత్రం జతపరచాలి. రాతగాడు అర్జీ రాస్తే, సంతకం రాని సిపాయి కింద కలంతో ఏదో గుర్తు గీసి నిశాని పెట్టేవాడు.

దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా వేసి కలం ఒత్తిడి చూడటం మా పద్ధతి. ఒక నిశాని ఎడమచేత్తో పెట్టినదని అలాగే తెలిసింది. ఒరిగిపోయిన ఇంటూ గుర్తు, కింద చిన్న సున్న. ఆ సిపాయి యుద్ధంలో కుడి అరచేయి చితికితే, కూలి పోతుందని చాలాకాలం దాచుకున్నాడట. అంచున అధికారుల ఉత్తర్వు: ఆలస్యంగా వచ్చాడు, గాయం మానింది, ఇవ్వనక్కర్లేదు.

మర్నాడు ఉదయం హాజరు పట్టీ తెరిచాను. శ్రావ్య పేరు ఎదురుగా సంతకానికి బదులు అదే గుర్తు, కింద అదే సున్న. శ్రావ్య కరీంనగర్ అమ్మాయి. కాలేజీలో చదువుతూ మా దగ్గర పెట్టెలకు లేబుళ్లు అంటించేది. ఆ అర్జీని తను చూసే వీల్లేదు. నేనే తాళం వేశాను, తాళంచెవి నా మెడలోనే ఉంది. దెయ్యాలను నమ్మే వయసు దాటినదాన్ని, అయినా ఆ పట్టీ మళ్లీ ముట్టుకోబుద్ధి కాలేదు.

శ్రావ్యను పిలిచాను. కుడిచేతికి గ్లవ్ ఉంది. తీయమంటే తటపటాయించి తీసింది. అరచేయి వాచి నల్లబడింది. వారాంతాల్లో వెళ్లే ఫ్యాక్టరీలో మెషీన్ కింద పడి నలిగిందట. విదేశీ విద్యార్థులు వారానికి ఇన్ని గంటలకు మించి పనిచేయకూడదన్న నిబంధన ఉంది.

"రిపోర్ట్ చేస్తే అవర్స్ ఎక్కువ చేసినట్టు తెలుస్తది ఆంటీ. స్టడీ పర్మిట్ పోతది," అంది.

సున్న ఎందుకు పెట్టావని అడిగాను.

"ఏమో ఆంటీ, చెయ్యి గట్లనే పోయింది."

నాకు భయమూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. గాయం మానాక ఎవరు నమ్ముతారే పిచ్చిదానా అని కేకలేసి, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరు రిపోర్టుతో పరిహారం క్లెయిమ్ ఫారం నింపాం. సంతకం దగ్గర శ్రావ్య ఎడమచేత్తో మళ్లీ ఆ ఇంటూ గీయబోయింది. చెయ్యి పట్టుకుని పేరు రాయించాను.

క్లెయిమ్ మంజూరైంది, గంటల లెక్క ఎవరూ అడగలేదు, పర్మిట్ కూడా నిలిచింది. ఆ రెండు గుర్తులు ఎందుకు కలిశాయో నాకు తెలియదు, నివేదికలో రాయలేదు. వృత్తి నాకు నేర్పింది ఇంతే: గాయం పచ్చిగా ఉన్నప్పుడే అర్జీ పెట్టాలి, దాని మీద సొంత పేరు ఉండాలి.