బావను కాల్చరాని యుద్ధం

ఈమధ్య కుర్చీలకు చక్రాలెందుకు పెడుతున్నారో నాకు అర్థం కాదు. కుర్చీ ఉన్నది మనిషి ఒకచోట కూర్చోవడానికి, ఊరేగడానికి కాదు. మా ఇంట్లో ఉన్నదైతే నేను కాస్త ముందుకు వంగితే చాలు, అప్పు అడిగినట్టు వెనక్కి జరుగుతుంది. ఆ రోజుల్లో గద్వాలలో, మేమంతా చాచా అని పిలిచే ఆయన నెట్ సెంటర్లో ఇనుప కుర్చీలుండేవి. వాటిలో కూర్చుంటే నడుము పోయేది గానీ కుర్చీ కదిలేది కాదు. రెండో ప్రపంచ యుద్ధాన్ని మేము చాలాసార్లు ముగించింది ఆ కుర్చీల్లోనే. (డిగ్రీ ముగియడానికి మాత్రం ఇంకొంచెం సమయం పట్టింది.) కంప్యూటర్లన్నీ తీగలతో కలిపి ఆడేవాళ్లం, సగం మంది ఒక సైన్యం, సగం మంది ఇంకో సైన్యం. మంచు, కందకాలు, పాత తుపాకులు. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నాడె విసిరి చీరలు నేసే మా నాయిన ఈ కందకాల సంగతి విని, "నేను గుంటల కూసుంటె చీర దిగుతది. నువ్వు గుంటల కూసుంటె ఏం దిగుతదిరా?" అన్నాడు. పరీక్షల ఫలితాలు అప్పటికింకా రాలేదు.

అప్పుడే అక్కకు వనపర్తి సంబంధం ఖాయమైంది. ముహూర్తం ఇంకా పెట్టుకోలేదు. కాబోయే బావ చీరలు చూసే వంకతో ఒకరోజు దిగాడు. (ఆయన చీరల వైపు చూడలేదు.) పెళ్లికి ముందే అల్లుడు ఇంట్లో ఎక్కువసేపు కూర్చుంటే వాడకట్టు ఏమనుకుంటుందోనని నాయిన నన్ను పక్కకు పిలిచాడు. "జర బజార్ల తిప్పుకరా. ఆయన మనసు నొయ్యనియ్యకు. మొన్న పప్పుల ఉప్పెక్కువైందనే ఆళ్ల పెదనాయిన మొఖం మాడ్చుకున్నడు. ఇంకొకటైతె సంబంధం తెగుతది." కోట చూపించాను. ఆ తర్వాత నాకు తెలిసిన చారిత్రక స్థలం చాచా నెట్ సెంటరొక్కటే.

బావకు ఆట కొత్త. తుపాకి ఆకాశానికి పెట్టి గోడ వెంబడి నడుస్తున్నాడు. నేను లేచి రెండు సైన్యాల చెవుల్లోనూ ఊదాను: "మా ఇంటల్లుడు. ఎవ్వరు కాల్చకుండ్రి." ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. అందరిళ్లలోనూ అక్కలున్నారు. బావ వస్తుంటే జర్మన్లు సైతం పక్కకు తప్పుకుని దారిచ్చారు. "ఏం బామ్మర్ది, మీ గద్వాలోళ్లు జర మెత్తనోళ్లున్నరు," అన్నాడు బావ. అంతలో గట్టు ఊరి బస్సు దిగి ఆలస్యంగా వచ్చిన మా దోస్తు, సంగతేమీ తెలియక, కూర్చుంటూనే ఆయన్ని కాల్చేశాడు. బావ తెర ఎర్రబడింది. హెడ్‌ఫోన్లు తీసి నెమ్మదిగా బల్ల మీద పెట్టి, "వనపర్తికి బస్సు ఎప్పుడుంది?" అని అడిగాడు.

నా కళ్ల ముందు అక్క పెళ్లి పందిరి కూలిపోయింది. "ఇంకొక్క ఆట బావా, మనిద్దరమే," అని బతిమాలి కూర్చోబెట్టాను. ఆ మధ్యాహ్నమంతా నేను ఓడిపోయాను. ఓడిపోవడం ఎంత కష్టమో గెలిచేవాళ్లకు తెలియదు. గురి కుదిరినట్టుండాలి, తగలకూడదు. పారిపోతున్నట్టుండాలి, దొరికిపోవాలి. బావ ముఖం తేటబడింది, మిర్చి బజ్జీలు తిన్నాడు, బస్సు మాట ఎత్తలేదు. ఆ పెళ్లి ఎవరి వల్ల జరిగిందో నేను ఎవరికీ చెప్పుకోలేదు. అడిగినవాళ్లకు మాత్రం చెప్పాను. (ఎవరూ అడగకపోతే అడిగేదాకా కూర్చునేవాణ్ని.)

తర్వాత ఆ ఆటకు ఏమైందో, ఏటేటా భవిష్యత్తులోకి పోయింది. సైనికులు గాల్లో ఎగిరారు, మరమనుషులు వచ్చారు, ఎవరు ఎవరిని ఎందుకు చంపుతున్నారో తెలియలేదు. బావా నేనూ ఆ యుద్ధాల నుంచి తప్పుకున్నాం. ఇప్పుడు మళ్లీ పాత యుద్ధానికే తిరిగొచ్చిందని విని వెంటనే కొన్నాను. అదే మంచు, అవే కందకాలు. ఇప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఉంటున్న అక్కా బావా వచ్చిన ఆదివారం టీవీ ముందు కూర్చున్నాం. ఇక తెగే సంబంధం లేదు. వాళ్ల బిడ్డ డిగ్రీలో ఉంది. ఇన్నేళ్లకు మొదటిసారి బావను నిజాయితీగా కాల్చొచ్చు. ఆయన మీద కోపమేం లేదు, నేనెంత గొప్ప సైనికుణ్నో ఇంట్లో ఒక్కసారైనా తెలియాలని.

బావ అప్పట్లాగే తుపాకి ఆకాశానికి పెట్టి గోడ వెంబడి నడిచాడు. నేను వెనక నుంచి వచ్చి, గురి చూసి, కాస్త ముందుకు వంగాను. కుర్చీ వెనక్కి జరిగింది. నా తెర ఎర్రబడింది. మళ్లీ ఆడాం, మళ్లీ ఎర్రబడింది. అన్నం వేళయ్యేదాకా ఎర్రబడుతూనే ఉంది.

"కుర్చీ జారుతున్నది బావా," అన్నాను.

"అవ్ బామ్మర్ది, కుర్చీదే తప్పు," అన్నాడు బావ, నా మనసు నొయ్యకుండా. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు అది నాదే.

గడప దగ్గర చిక్కుడుకాయలు తుంచుతున్న అక్క తల ఎత్తకుండానే అంది:

"అప్పుడు చక్రాలు లేని కుర్చీల గూడ ఓడిపోయినవు గద తమ్మి."