పడమటి గోడ చప్పుడు

పల్నాడు జిల్లా ఏర్పడిన మరుసటి వేసవిలో, మాచర్లలో ఒక ఫోటో స్టూడియో కంప్యూటరు బాగోగులు ఏడాది కాంట్రాక్టుకు ఒప్పుకున్నాను. రేడియోలు విప్పుకుంటూ పని నేర్చినవాణ్ని, నాకు డిగ్రీ లేదు. డిగ్రీ ఉన్నవాళ్లు "నడుస్తోందిగా, నడవనీండి" అని చెప్పిపోయిన మిషన్లు చానావాటిని పాతిపెట్టింది మాత్రం నేనే. నెలకోసారి నరసరావుపేట నుంచి బస్సులో వెళ్లి, తనిఖీ చేసి, విజిట్ పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకోవడం నా పని.

స్టూడియో సాంబయ్యది. నన్ను బాబాయ్ అనేవాడు. లోపలి గదికి కిటికీ లేదు. పడమటి గోడ నిండా పెద్ద దినాలకని ఫ్రేము కట్టించిన ఫోటోలు. అందరూ పోయినవాళ్లే. అందరికీ ఒకటే నల్ల కోటు, ఎందుకంటే పొలంలోనూ మిరప కళ్లంలోనూ తీసిన మొహాలకు మెడ కింద సాంబయ్యే కోటు అతికించేవాడు. కంప్యూటరు సరిగ్గా వాళ్ల కింద ఉండేది.

హార్డ్ డిస్కు తన జబ్బును తానే రాసుకునే పట్టిక ఒకటుంటుంది. డిస్కులో చదవడానికి రాని గళ్లు ఎన్నున్నాయో అందులో తెలుస్తుంది. మొదటి నెల కొన్ని కనిపించాయి, రెండో నెలకి పెరిగాయి. మెమరీ చాలకపోతే పని నెమ్మదిస్తుంది, ఆగొచ్చు. తెర పాతదైతే కళ్లు లాగుతాయి, దానికీ ఆగొచ్చు. ఈ గళ్లు పెరగడం మొదలయ్యాక మాత్రం ఒక్క వారం ఆగకూడదు. సాంబయ్యకేమో పెద్ద తెర కావాలి. కనపడేది కొంటారు, కనపడనిది కొనరు. బతుకంతా ఇదే చూశాను.

పట్టిక తెరిచి చూపిస్తూ, ఈ వారమే డిస్కు మార్చమన్నాను. గోడ వైపు నుంచి టిక్, టిక్, టిక్ మని వినిపించింది. సాంబయ్య వేళ్లతో బల్ల మీద తట్టి "కృష్ణ కృష్ణ" అన్నాడు.

"పడమటి గోడ మీద బల్లి పలికింది బాబాయ్. వద్దంటోంది."

టార్చి వేసి ఒక్కో ఫ్రేమూ ఎత్తి చూశాను. బల్లి లేదు. కంప్యూటరు డబ్బా మీద అరచెయ్యి పెడితే చప్పుడు చేతికి తగిలింది.

"ఒరేయ్, అది నీ డిస్కురా. చస్తా చెబుతోంది."

"మరి నువ్వు మార్చమన్నప్పుడే ఎందుకు పలుకుద్ది?"

ఇంకో రెండుసార్లు చూపించాను. రెండుసార్లూ పలికింది. జవాబు నాకు తిరుగు బస్సులో తట్టింది. పట్టిక తెరిస్తే డిస్కు చెడ్డ గళ్లను తడుముకుంటుంది, నేను తెరిచేదేమో మార్చమని చెప్పడానికే. మర్నాడు ఫోను చేసి ఆ ముక్క చెప్పొచ్చు. కోపంతో చెయ్యలేదు. "డిస్కు మార్చవలెను" అని పుస్తకంలో రాశాను కదా అనుకున్నాను.

మూడు వారాలకు సాంబయ్యే ఫోను చేశాడు, మిషను లేవడం లేదని. వెళ్లేసరికి లోపలి గదిలో స్టూలు మీద ఒకామె కూర్చుని ఉంది. పేరు కోటేశ్వరమ్మ, బొల్లాపల్లి వైపు కూలి మనిషి. భర్త పోయాడు, పెద్ద దినం ఎల్లుండి. ఇంట్లో ఆధార్ కార్డు మీది మసక బొమ్మ తప్ప ఆయన ఫోటో ఒక్కటి లేదు. కూతురి ఓణీల ఫంక్షనుకు సాంబయ్య తీసినవే దిక్కు. అవి ఇంకా ప్రింటు వెయ్యలేదు, ఆ డిస్కులోనే ఉన్నాయి.

ఇలాంటప్పుడు మిషను మళ్లీ మళ్లీ ఆన్ చెయ్యకూడదు. డిస్కు విప్పి, నా లాప్‌టాప్‌కు కేబులుతో తగిలించి, ముందు కావలసినవే తీసుకోవాలి. కంప్యూటరు ఫోటోను పైనుంచి కిందికి చదువుకుంటూ వస్తుంది. చెడ్డ గడి తగిలిన చోటు నుంచి కిందంతా బూడిద రంగు. ఒక్కొక్కటే తెరిచాను. పందిరి, పిల్ల, నిలబడ్డ చుట్టాలు అందరూ ఉన్నారు. కింద బూడిద. పది దాకా చూశాం. ఒక్కదాంట్లోనూ ఆయన లేడు.

"ఆయన ఏడికి పోయినా కిందే కూసుంటాడన్నా," అంది కోటేశ్వరమ్మ.

చివరి ఫోటోకి డిస్కు గీరింది. వెనక తలుపు దగ్గర ఒక్కడే నిలబడి, కెమెరా వంక సూటిగా చూస్తున్న మనిషి. బొమ్మ మెడ దాకా వచ్చి ఆగింది.

"ఈయనే," అని స్టూలు వెనక్కి జరుపుకుంది. "ఏందన్నా, మననే చూస్తన్నాడు?"

డిస్కు తిరగడం ఆగిపోయింది. కేబులు పీకి చేతిలో పట్టుకున్నాను, ఇక దానికి కరెంటు లేదు. అప్పుడు గోడ వైపు నుంచి టిక్, టిక్, టిక్. సాంబయ్య చెయ్యి బల్ల మీదికి పోబోయి మధ్యలో ఆగింది. ముగ్గురం డిస్కు వంకే చూశాం.

నా లాప్‌టాప్‌లోనే ఆ బొమ్మకు మెడ కింద సాంబయ్య కోటు పెట్టబోతే ఆమె ఒప్పుకోలేదు. "ఆయన కోటెప్పుడేసుకున్నాడు? తువ్వాలు పెట్టు," అంది. అట్టాగే పెట్టాడు.

ఆ వారమే సాంబయ్య రెండు డిస్కులు కొన్నాడు, తెర కొనలేదు. మార్చమని వాదనకు దిగేముందే నకలు తీసిపెట్టుకోవాలని, పుస్తకంలో రాసినంత మాత్రాన చెప్పినట్టు కాదని నాకు ఆ పనిలో తెలిసింది. పని మానుకునేదాకా ప్రతి విజిట్లో ముందు నకలే తీశాను. ఆనాటి పేజీలో "డిస్కు చెడినది, ఒక ఫోటో దక్కినది" అని ఉంటుంది. కేబులు చేతిలో ఉండగా విన్నది రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు.