మాటల కాలమ్

మా రీసెర్చి గైడు పోయారని మొన్న ఆదివారం ఆమె చెల్లెలు ఫోన్ చేశారు. "నీకు చెప్పాల్నా వద్దా అని శానాసేపు ఆలోచించినా" అన్నారు. ఏళ్ళ తరబడి మా ఇద్దరికీ మాటల్లేవని ఆవిడకు తెలుసు.

నన్ను మొదట స్ప్రెడ్‌షీట్ ముందు కూర్చోబెట్టింది మా గైడే. అప్పుడే మద్రాసు పేరు చెన్నైగా మారింది. మా డిపార్ట్‌మెంటు మొత్తానికీ ఒకటే కంప్యూటరు. దుమ్ము పడకుండా దానికి తన పాత చీరతో ముసుగు కుట్టారామె. టి. నగర్ చీరల అంగళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ మీద మా పరిశోధన. సర్వేలో వాళ్ళు వేసిన మార్కులు ఒక కాలమ్‌లో, ఇళ్ళకు వెళ్ళినప్పుడు చెప్పిన మాటలు పక్క కాలమ్‌లో ఎక్కించేదాన్ని. "ఎంత అనేది అంకె చెబుతుంది, ఎందుకు అనేది మాట చెబుతుంది. రెండూ పొసగలేదా, ఆడనే ఆగి చూడమ్మా" అనేవారు.

ఒక అక్క, సూపర్‌వైజరు పక్కనే నిలబడి ఉండగా, పని బాగుందని అయిదుకు అయిదు వేసింది. ఇంటికెళ్తే మాత్రం, "గిరాకీ లేకున్నా కూర్చోకూడదు. కాళ్ళు ఉప్పునీళ్ళలో పెడితేగాని నిద్ర రాదు" అంది. అది చదివి మా గైడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వీళ్ళకు స్టూళ్ళు వేయించాల" అన్నారు. నేను నమ్మాను.

మా పరిశోధనకు ఖర్చు పెట్టుకున్న వర్తకుల సంఘం ముందు ఫలితాలు చెప్పే రోజు ఆ అక్కను నేనే వెంటబెట్టుకెళ్ళాను. తెర మీద అంకెలే ఉన్నాయి. చాలామంది తృప్తిగా ఉన్నారని చెప్పి మా గైడు కూర్చున్నారు.

"నేను చెప్పింది యాడ పెట్టినారు?" అని అక్క నా చెవిలో అడిగింది.

బయట వరండాలో అదే మాట మా గైడుని అడిగాను.

"తీసేయలేదమ్మా. ఆ కాలమ్ కనపడకుండా హైడ్ చేసినా, అంతే. సంఘమోళ్ళు చెయ్యి వదిలేస్తే మన డిపార్ట్‌మెంటు ఉండదు."

"నాకు ముందే చెప్పుండొచ్చు గదా, మేడమ్."

"చెప్తే ఒప్పుకుంటావా నువ్వు?"

ఆ నెలలోనే ఇంకో గైడు దగ్గరికి మారాను. మార్పు కాగితం మీద ఆమే సంతకం చేసిచ్చారు. స్టూళ్ళు మాత్రం రాలేదు. అంకె పక్కన మాట పెట్టడం ఆమె పెట్టిన భిక్షే, ఈ రోజుకీ నా పని దాని మీదే నడుస్తోంది. అంత బాగా నేర్పిన మనిషి అంత పని ఎలా చేశారన్న బాధ మాత్రం ఆమెతో పోలేదు.

ఫలితాలు చెప్పిన రోజు సాయంత్రం వాన. బస్‌స్టాపులో మా గైడు గొడుగు కిందికి వెళ్ళకుండా, అక్కతో పాటు తడుస్తూ మాధవరం బస్సెక్కాను. కిటికీలోంచి చూస్తే, గొడుగు ఒక పక్కకు వంచి, ఇంకో మనిషికి చోటు వదిలి నిలబడి ఉన్నారామె. ఒక భుజం పూర్తిగా తడుస్తోంది.