చివరి ముద్ద

రాజమండ్రిలో కూర్చుని ఊలు దుప్పటి అల్లుతున్నానంటే నవ్వని మనిషి లేడు. డిసెంబరులో నాలుగు రోజులు తెల్లవారుజామున ఫ్యాను ఆపుకుంటే అదే మాకు చలికాలం. "ఫ్యాను అయిదులో పెట్టుకుని ఊలు అల్లేదానివి ఈ గోదావరి జిల్లాల్లో నువ్వొక్కదానివే అయ్యుంటావు," అని మా ఆయన ఆటపట్టించేవారు. నేను పట్టించుకోలేదు. దుప్పటి మా కోసం కాదు. బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి అప్పటికి అయిదో నెల, తొలిచూలు. పురిటికి మా ఇంటికొచ్చి, మూడో నెల వెళ్ళాక బిడ్డతో మళ్ళీ ఆ చల్లటి ఊరికే పోవాలి.

బడిలో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. చేతులు ఖాళీగా ఉంటే నాకు తోచదు. ఫోనులో వీడియోలు చూసి రెండు పుల్లలతో అల్లడం నేర్చుకున్నాను. మొదటి నెలంతా అల్లినదానికన్నా విప్పిందే ఎక్కువ. చేతికి కాస్త పట్టు దొరికాక లేత పసుపు ఊలు తెప్పించి దుప్పటి మొదలుపెట్టాను. వారానికోసారి ఫోటో తీసి మా వీధి ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేదాన్ని. వాళ్ళు మెచ్చుకుంటే పొంగిపోయేదాన్ని. మా వియ్యపురాలు చేతిపని బాగా తెలిసిన మనిషి. ఆవిడ ముందు ఈ దుప్పటి పరిచి చూపించాలన్నది నా కోరిక. ఇప్పుడు రాస్తుంటే చిన్నతనంగా ఉంది గానీ అప్పుడు నాకు అదే లోకం.

నిజానికి మా ఇంట్లో అల్లిక తెలిసిన మనిషి మా అత్తగారు. ఆవిడది నరసాపురం దగ్గర పల్లెటూరు, వ్యవసాయ కుటుంబం. వాళ్ళ ఇళ్ళలో ఆడవాళ్ళు పొలానికి వెళ్ళేవారు కాదు, ఇంట్లోనే కూర్చుని లేసు అల్లేవారు. ఒక్కటే సూది, దాని చివర చిన్న కొక్కెం, తెల్ల దారం. వారానికోసారి షావుకారు మనిషి వచ్చి అల్లినవి పట్టుకెళ్ళేవాడట. ఒక్క ముడి తప్పినా ముక్క మొత్తం వెనక్కి వచ్చేదట. అందుకని తప్పు ఎక్కడ తగిలితే అక్కడిదాకా విప్పించేదట వాళ్ళమ్మ. ఈ కథ నేను కాపురానికొచ్చిన కొత్తలో వందసార్లు విన్నాను. వందసార్లూ చెవిన పెట్టలేదు.

ఇప్పుడు ఆవిడకి ఎనభై దాటాయి. నీటికాసుల జబ్బుతో చూపు పోయింది. వెలుగూ నీడా తప్ప తెలియదు. నేను అల్లుతుంటే పుల్లల చప్పుడు విని, "రెండు పుల్లలెందుకమ్మాయ్, ఒక్క సూది చాలదూ?" అనేవారు. "అది లేసండి, ఇది నిట్టింగండి. దానికీ దీనికీ సంబంధం లేదు," అనేదాన్ని, క్లాసులో వెనక బెంచీ పిల్లకి చెప్పినట్టు. ఒకసారి ఏదీ ఇలా ఇవ్వమని చెయ్యి చాపారు. పుల్ల జారిపోతుందండీ అని ఇవ్వలేదు.

ఆవిడకి తోడు ఒక పిల్లి. తుఫాను వానల్లో తడిసి మా వరండాలోకి వచ్చిన ఎర్రపిల్లి. దానికి పేరంటూ పెట్టలేదు. మనవరాలిని పిలిచినట్టే దాన్నీ "అమ్మడూ" అని పిలిచేవారు. ఆవిడ మంచమే దాని మంచం. మధ్యాహ్నం పెరుగన్నంలో చివరి ముద్ద కంచం అంచున దాచి, వేళ్ళతో కంచాన్ని టకటక కొట్టేవారు. ఏ గోడ మీదున్నా పరిగెత్తుకొచ్చి ఆ ముద్ద తిని, ఆవిడ వేళ్ళు నాకి పోయేది. నాకు పిల్లులంటే గిట్టదు. ఆవిడ మొహం చూసి ఊరుకునేదాన్ని, అంతే.

కార్తీకమాసంలో ఒకరోజు ఉదయం కూరలకని బజారుకెళ్ళాను. దుప్పటి అప్పటికి మూడు వంతులు పూర్తయింది. హాల్లో పడక్కుర్చీలో పెట్టి వెళ్ళాను. గేటు తీసుకుని లోపలికొచ్చేసరికి అది నేల మీదుంది. పుల్ల ఊడి పక్కన పడుంది. జానెడు మేర అల్లిక విడిపోయి ఊలు గచ్చంతా పాకింది. మధ్యలో కాళ్ళకి ఊలు చుట్టుకుని పిల్లి ఉంది.

నాకు ముక్కు మీద కోపం. అది ఎవరూ చెప్పక్కర్లేదు, నాకే తెలుసు. "మీ పిల్లి చేసిన పని చూశారా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. చూపు లేని మనిషిని పట్టుకుని చూశారా అని. "మూణ్ణెల్ల నా కష్టమంతా మంటగలిపింది!" అత్తగారు తన గదిలో మంచం మీద కూర్చుని ఉన్నారు. చిన్న గొంతుతో, "అయ్యో... దాన్ని కొట్టకమ్మా," అన్నారు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. విడిపోయిన ఊలులో కొంత నిమ్మకాయంత ఉండలా చుట్టి కుర్చీలో ఉంది. ఒద్దికగా, ఒకే బిగువుతో చుట్టి ఉంది. నేను దాన్ని కళ్ళారా చూశాను, తీసి బుట్టలో వేశాను. పిల్లి ఊలు పీకుతుంది గానీ చుట్టదు. ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పినదానికి ఆ మాత్రం తట్టలేదు. కోపం తీర్చుకోవడానికి ఒక ప్రాణి దొరికాక ఇక ఆలోచించబుద్ధి కాలేదు.

మా వైపు పిల్లితో వేగలేనివాళ్ళు దాన్ని సంచిలో వేసి గోదావరి దాటిస్తారు. ఊళ్ళో ఎక్కడ వదిలినా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేస్తుందనీ, ఏరు దాటిస్తే దారి మరచిపోతుందనీ అంటారు. వంటింట్లోంచి ఎండురొయ్యల పొట్లం తెచ్చి, వాసన చూపించి, పిల్లిని బియ్యం సంచిలోకి దింపి మూతి కట్టాను. స్కూటీ మీద కాళ్ళ దగ్గర పెట్టుకుని బయలుదేరాను. అత్తగారికి చెప్పలేదు. రోడ్డు కం రైలు వంతెన ఎక్కేదాకా అరుస్తూనే ఉంది. సగం వంతెన దాటాక కింద నుంచి రైలు పోయింది. ఆ అదురుకి సంచి ఒక్కసారి ముడుచుకుపోయింది, ఆ తర్వాత ఇక అరవలేదు.

కొవ్వూరులో చేపల బజారు వెనక సంచి మూతి విప్పాను. బయటికి రాలేదు. తిరగేసి దులిపాను. గోడవారన నక్కి నా వైపు చూసింది. చేపల దగ్గరైతే తిండికి లోటుండదులే అని నాకు నేనే చెప్పుకుని స్కూటీ తిప్పాను. రొయ్యల పొట్లం నా చేతిసంచిలోనే ఇంటికి తిరిగొచ్చింది.

ఇంటికొచ్చాక అత్తగారికి అన్నం పెట్టాను. ఆవిడ చివరి ముద్ద అంచున పెట్టి కంచం కొట్టారు. కాసేపాగి మళ్ళీ కొట్టారు. "అమ్మడేదమ్మా?" అన్నారు. "ఎటో పోయుంటుందండి, వస్తుందిలెండి," అన్నాను. ఆ మర్నాడూ అంతే, ఆపై మర్నాడూ అంతే. ముద్ద ఎండిపోయేదాకా కంచం తీయనిచ్చేవారు కాదు. మా ఆయన రెండు వీధులు వెతికొచ్చి, "ఏమైపోయిందో పాపం," అన్నారు. నేనూ పాపం అన్నాను.

దుప్పటి మాత్రం వీడియోలు చూస్తూ మళ్ళీ పుల్లకి ఎక్కించి, పట్టుదలగా పూర్తి చేశాను.

డిసెంబరు మొదట్లో అమ్మాయి వచ్చింది. సూట్‌కేసు తెరవకముందే దుప్పటి తెచ్చి చూపించాను. అది మురిసిపోయి, "నానమ్మా, అమ్మ ఎంత బాగా అల్లిందో చూడు," అని అత్తగారి ఒళ్ళో పరిచింది. ఆవిడ అంచు పట్టుకుని ఒక్కో వరసా తడుముకుంటూ వెళ్ళారు. ఒకచోట వేళ్ళు ఆగాయి.

"ఇక్కడ జారిన కుట్టు సరిచేసేశావన్నమాట," అన్నారు.

"ఏ కుట్టండీ?"

ఆవిడ కాస్త తటపటాయించారు. మనవరాలు పక్కనుందన్న ధైర్యం కాబోలు, చెప్పేశారు. "ఆ రోజు నువ్వు బజారుకెళ్ళినప్పుడు ఊరికే చేతిలోకి తీసుకున్నానమ్మా. ఇదిగో, ఇక్కడో కుట్టు జారిపోయి వేలికి బెజ్జం తగిలింది. నువ్వు చూసుకోకుండా పైకి అల్లుకుంటూ పోయావు. పసిబిడ్డ వేలు ఇరుక్కుంటే ఎలాగని విప్పాను. మళ్ళీ ఎక్కిద్దామంటే నీ రెండు పుల్లల పని నాకు చేతకాలేదు. ఇంతలో గేటు చప్పుడైంది. భయమేసి అక్కడే పడేసి గదిలోకి పోయాను."

"అమ్మంటే భయమా నీకు?" అని అమ్మాయి పకపకా నవ్వింది.

"నాకొక్కదానికేంటే, మీ నాన్నకి లేదూ?" అని ఆవిడా నవ్వారు. తర్వాత నా గొంతు వినబడిన వైపు మొహం తిప్పారు. "నువ్వు పిల్లి అనుకున్నావు. పోనీలే, దానికైతే రెండు తిట్లతో పోతుందని ఊరుకున్నానమ్మా. తప్పే. మర్నాడు చెబుదామనుకున్నాను. అదేమో ఆ రోజే ఎటో పోయింది."

బడిలో నా అడుగుల చప్పుడు వినబడితే చాలు, క్లాసు నిశ్శబ్దమైపోయేది. దాన్ని గౌరవమనుకున్నాను. తోటి టీచర్ల దగ్గర గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఎనభయ్యేళ్ళు దాటిన మనిషి, కొడుకింట్లో, నేను గేటు తీసే చప్పుడుకి గోడ పట్టుకుని గదిలోకి పారిపోతున్నారని నాకు తెలియదు. కళ్ళు కనబడకుండా అంత గబగబా ఎలా నడిచారో. పిల్లి పోయిన వారంలో ఆవిడ మోకాలు కమిలిపోయి ఉంటే, "కాస్త చూసుకుని నడవచ్చు కదండీ," అని కసిరిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బల్ల తగిలిందేమో. ఇప్పటికీ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే కొవ్వూరు వెళ్ళాను. చేపల బజారు వెనకంతా తిరిగాను. చేపలు కోస్తున్న ఒకావిడ చాలాసేపు నన్ను గమనించి, "ఏం ఎతుకుతున్నారండీ?" అంది. ఎర్రపిల్లి అని చెప్పాను.

"ఇక్కడ బోలెడు పిల్లులండి. ఎవరో ఒకరు తెచ్చి వదిలేసి పోతానే ఉంటారు. మీదెప్పుడు తప్పిపోయిందండీ?"

"తప్పిపోలేదు. నేనే వదిలాను. నెల దాటింది."

ఆవిడ కత్తిపీట మీంచి తలెత్తి నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "వదిలినోళ్ళే మళ్ళీ వచ్చి ఎతుక్కోడం ఇదే చూడ్డవండీ," అని మళ్ళీ పనిలో పడింది. చుట్టుపక్కల నలుగురూ నవ్వారు. నవ్వాల్సిందే. ఆ వారంలో మూడుసార్లు వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ ఎండురొయ్యల పొట్లం పట్టుకెళ్ళాను. ఎవరివో పిల్లులు తిన్నాయి. మాది కనబడలేదు.

మూడోసారి ఒట్టి చేతులతో తిరిగొచ్చాక ఇక మోయలేకపోయాను. అత్తగారు పెరటి వరండాలో ఎండకి కూర్చుని ఉన్నారు. పక్కన నేల మీద కూర్చుని అంతా చెప్పాను. సంచి, వంతెన, చేపల బజారు, వెతకడం, అన్నీ. ఆవిడ పెరటి వైపు మొహం పెట్టుకుని విన్నారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. చెప్పడం అయిపోయాక ఒకే ఒక్క మాట అడిగారు.

"తీసుకెళ్ళే ముందు దానికేమన్నా పెట్టావా అమ్మా?"

పెట్టలేదు. అప్పటికి ఆవిడ భోజనమే కాలేదు. రొయ్యల వాసన చూపించి సంచిలోకి రప్పించాను గానీ ఒక్క రొయ్యయినా దాని నోట్లో వేయలేదు. ఆకలితో వంతెన దాటింది. అంతా చెప్పేశాను గదా, ఈ ఒక్కటీ చెప్పేస్తే అయిపోయేది.

"పెట్టానండి. పాలన్నం పెట్టాను. కడుపునిండా తింది," అన్నాను. గొంతు కూడా తడబడలేదు.

ఆవిడ గుండెల్లోంచి ఊపిరి వదిలారు. "పోనీలే. తిని వెళ్ళింది గదా, ఎలాగో బతికేస్తుంది," అన్నారు. చెయ్యి తడుముకుంటూ తెచ్చి నా తల మీద పెట్టి, "నేనూ నీకు చెప్పలేదుగా," అన్నారు.

బిడ్డ పుట్టింది, ఆడపిల్ల. వియ్యపురాలు వచ్చి దుప్పటి తిరగేసి మరగేసి చూసి, "ఒక్క తప్పు లేదండీ," అన్నారు. థాంక్సండి అన్నాను. కుట్టు పట్టుకున్న వేళ్ళ సంగతి చెప్పలేదు. మూడో నెల దాటాక తల్లీబిడ్డా దుప్పటితో సహా బెంగళూరు వెళ్ళారు. పుల్లలు బీరువాలో ఉన్నాయి. మళ్ళీ తీయలేదు. ఇప్పుడు గేటు దగ్గరికి రాగానే బయటి నుంచే "నేనేనండీ" అని మెల్లగా పలుకుతున్నాను. అలా పలికితే భయం పోతుందో లేదో నాకు తెలియదు.

మధ్యాహ్నం అత్తగారి భోజనం వేళకి వీధిలో ఎవరో ఒకరు పలకరించడానికి వస్తుంటారు. పిల్లి ఊసెత్తితే ఆవిడ అదే మాట చెబుతారు. ఒక్కోసారి ఎత్తకపోయినా చెబుతారు. "మా కోడలికి కోపమెక్కువే గానీ మనసు వెన్నమ్మా. పిల్లిని వదిలేటప్పుడు కూడా పాలన్నం పెట్టి, దాని కడుపు నింపి మరీ వదిలొచ్చింది. ఎవరు పెడతారు చెప్పు?" వచ్చినవాళ్ళు నిజమేనండీ అంటూ నన్ను మెచ్చుకోలుగా చూస్తారు. కంచం అంచున చివరి ముద్ద ఇంకా అలాగే ఉంటుంది. నేను ఆ కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతాను.